పసుపుమందు నిద్ర లేచిన శ్రావణం

శ్రావణ శుద్ధ నవమి

రాత్రి గాలివానకు మా ఇళ్ళను మోసే తెప్పలు, తూర్పు వరస పంట్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఊరంతా ఒకటే మోత. పొద్దున్నే లేచి తాళ్ళు బిగించి, వాననీళ్ళ తొట్లు కప్పి, గేదెలను పడమటి పంటు మీదికి తోలేసరికి నా నడుం పడిపోయింది. మందుల గది చూసుకునే మనిషికి తాళ్ళ పనేమిటని అడిగితే మా పంట్లపాలెంలో నవ్వుతారు. నీళ్ళ మీద తేలే ఊళ్ళో అన్ని పనులూ అందరివీ.

ఈ రోజువారీ రాత కూడా నా పనే. మందుల గదిలో ఎవరున్నా రాయాలని కట్టుబాటు. బాగున్న రోజు రాయడానికేమీ ఉండదు, బాగాలేని రోజు రాసే ఓపిక ఉండదు. అయినా రాస్తున్నాను. పేరు నాంచారమ్మ, నోరు పెద్దదని ఊళ్ళో వాడుక.

ఇవాళ రాయవలసినవి రెండు. మొదటిది, పౌర్ణమికి పసుపుమందు నిద్ర లేస్తుంది. ఊరు మొత్తానికి బ్యాక్టీరియాను చంపే మందులు ఐదే. ఒక్కటి మేలుకుని ఉంటుంది, తక్కిన నాలుగూ పెట్టెలో నిద్రపోతాయి. నిద్రలో ఉన్న మందును మనిషికి గానీ, గేదెకు గానీ, చేపకు గానీ వాడకూడదు. ఆ మందును తట్టుకునే బలమున్న బ్యాక్టీరియాకు ఆ బలం ఒక బరువు. మందు ఎదురుపడనన్నాళ్ళూ బరువు మోసేవి వెనకబడతాయి, మోయనివి ముందుకు పోతాయి. అలా ఏళ్ళు గడిస్తే బలమున్నవి అడుగంటి, మందుకు మళ్ళీ పదునొస్తుంది. పసుపుమందు పదహారేళ్ళుగా నిద్రలో ఉంది. ఇప్పుడు వాడుతున్న తెల్లమందు మొద్దుబారిపోయింది కాబట్టి మేలుకొలుపు కోసం ఊరంతా ఎదురు చూస్తోంది. ఆ రోజు పాయసాలూ డప్పులూ ఉంటాయి.

రెండోది, మా ఆడపడుచు రత్నావళికి జ్వరం. ఇంకా పురుటి మంచం దిగలేదు. నాకు మేనత్తే అత్తగారు కాబట్టి ఈ పిల్ల నా చంకలో పెరిగింది. దీని మొగుడు వలల పడవ మీద దక్షిణానికి పోయాడు, అమావాస్య దాటితే గానీ రాడు.

"వదినా, నడుం దగ్గర పొడుస్తోంది. పక్కకి తిరగలేకపోతున్నా" అంది.

"ఒంటికి పోసేటప్పుడు మంటగా ఉందా?"

"నిప్పే."

"ఎప్పట్నించీ?"

"పురుడైన మూడోరోజు నుంచీ."

"మరి నోరు మూసుక్కూర్చున్నావేమే?"

"నువ్వు తిడతావని."

తిట్టాను. తర్వాత తెల్లమందు వేసి, మూత్రం పరీక్షకు తీసుకుని వచ్చాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి

సముద్రపు నాచు ఉడకబెట్టి తీసిన జిగురును పళ్ళెంలో పోసి, దాని మీద రత్నావళి మూత్రంలోని బ్యాక్టీరియాను పూశాను. పరీక్షలకని పెట్టె బయట విడిగా ఉంచే, ఐదు మందులూ అద్దిన ఐదు కాగితం బిళ్ళలు పైన అమర్చాను. ఏ మందు పనిచేస్తే ఆ బిళ్ళ చుట్టూ బ్యాక్టీరియా పెరగక ఖాళీ చోటు కనపడాలి. పొద్దున చూస్తే తెల్లమందు దగ్గర మాత్రం గోరంత ఖాళీ. మిగతా నాలుగింటి దగ్గరా ఏమీ లేదు. పసుపుమందు బిళ్ళను బ్యాక్టీరియా అంచుల దాకా చుట్టేసి ఉంది.

తక్కిన మూడు మందులూ నిన్నగాక మొన్న పడుకున్నవి, వాటి సంగతి వేరు. పదహారేళ్ళు ఎవరూ ముట్టని మందుకు ఈ బలం ఎక్కడిది?

గట్టు మీది ఆస్పత్రికి రేడియో కలిపాను. గట్టంటే మాకు భూమి, పడవలో రెండు రోజుల దూరం. గ్రేసుమణి డాక్టరుగారు నేను చెప్పిందంతా విన్నారు.

"మళ్ళీ పెట్టి చూశారా నాంచారమ్మగారూ?"

"మూడు పళ్ళాలు పెట్టానండి. మూడూ ఒకటే మాట."

"అయితే ఆ అమ్మాయిని ఇక్కడికి తీసుకురాకండి. మా వార్డు నిండా పచ్చి బాలింతలున్నారు. ఏ మందుకీ లొంగనిది ఇక్కడ దిగితే ఒక్కరితో పోదు."

"అందుకని మా పిల్ల పోవాలా అండీ?"

"నేను ఆ మాట అనలేదు. తెల్లమందు మోతాదు పెంచండి. చంపదు గానీ కొన్నాళ్ళు ఆపుతుంది. ఈలోగా అది ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోండి. మూలం తెలిస్తే దారి తెలుస్తుంది."

ఆమె చెప్పింది న్యాయమే. న్యాయమని తెలిసినా రేడియో కట్టేశాక ఆమెను నానా మాటలూ అన్నాను. ఎవరూ వినలేదు కాబట్టి ఫరవాలేదు.

శ్రావణ శుద్ధ ద్వాదశి

ఎవరో దొంగచాటుగా పసుపుమందు వాడి ఉంటారని నా అనుమానం. మా జనం సంగతి నాకు తెలియనిదా, పంటి నొప్పికి కూడా పెట్టెలోంచి ఏదైనా తీసివ్వమని బతిమాలతారు. ఊరి పెద్ద మస్తాన్ వలీగారిని లేపి పెట్టె తెరిపించాను. మైనం ముద్రలు వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"చూశావుగా అమ్మా? ఊరికే జనాన్ని దొంగల్ని చెయ్యమాక" అన్నారాయన మెత్తగా. నాకు తల కొట్టేసినట్టయింది.

దొంగ పెట్టె దగ్గర లేకపోతే కడుపుల్లో ఉండాలి. జబ్బు లేనివాళ్ళ పేగుల్లో ఏముందో చూద్దామని చిన్న చిన్న డబ్బాలు పట్టుకుని గడప గడపా ఎక్కాను. దొడ్డికి వెళ్ళింది కాస్త ఇవ్వండి అని అడుక్కోవడం ఎంత మర్యాదైన పనో రాయనక్కర్లేదు. పిల్లలు నా వెనకాల ఊరేగింపు కట్టారు.

రత్నావళికి జ్వరం దిగడం, మళ్ళీ చలి పుట్టుకొచ్చి ఎక్కడం. బిడ్డకు పాలివ్వడానికి కూర్చోబెడితే చేతులు వణికాయి. అత్తయ్య బసవపూర్ణమ్మ బిడ్డను అందుకుని, "నీ మందుల గదిలో ఇంకా మంచి మందేదో దాచుంచావు కదే నాంచారూ? తియ్యి మరి" అంది. లేదని చెప్పడం నా వల్ల కాలేదు. పరీక్ష చేస్తున్నానని చెప్పాను.

శ్రావణ శుద్ధ త్రయోదశి

ఊళ్ళో దాదాపు ప్రతి ఇంటి పళ్ళెంలోనూ పసుపుమందు చుట్టూ ఖాళీ లేదు. రాళ్ళు తిని అరిగించుకునే వీరన్న ఇంట్లోనూ అంతే. జబ్బేమీ లేదు, బలం మాత్రం పేగుల్లో కాపురం పెట్టేసింది. రత్నావళికి పురుటిలో ఒళ్ళు పచ్చిగా ఉండి ఆ బ్యాక్టీరియా చోటు మారి లోపలికి ఎక్కింది. రేపు ఇంకెవరికైనా ఎక్కుతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఇంకొకటి. ఒక ఇంట్లో ఒక జాతి బ్యాక్టీరియా, ఇంకో ఇంట్లో ఇంకో జాతి. జాతులు వేరు, బలం మాత్రం ఒక్కటే. అంటే ఇది తల్లి నుంచి పిల్లకు దిగిన బలం కాదు. పక్కవాళ్ళు చేతికిచ్చిన బలం.

బ్యాక్టీరియా ఒంట్లో అసలు జన్యువులు కాకుండా ఉంగరంలా చుట్టుకున్న చిన్న ముక్క కూడా ఒకటి ఉండొచ్చు. మందును తట్టుకునే ఉపాయం ఆ ఉంగరంలో ఉంటుంది. ఉంగరం ఉన్నది సన్నని గొట్టం చాపి పక్కదాన్ని దగ్గరికి లాక్కుంటుంది, ఉంగరానికి నకలు తీసి దానికి ఇచ్చేస్తుంది. తనది తన దగ్గరే ఉంటుంది. పుచ్చుకున్నది మర్నాటికల్లా ఇంకొకదానికి ఇస్తుంది. కులం గోత్రం అడగదు.

ఒక్క మస్తాన్ వలీగారి ఇంట్లో మాత్రం ఉంగరం లేదు. ఆయన పళ్ళెంలో పసుపుమందు చుట్టూ అరచేతి వెడల్పున ఖాళీ, చూడముచ్చటగా ఉంది. ఆయనా మేమూ తాగేవి అవే వాననీళ్ళు, తినేవి అవే చేపలు, పోయించుకునేవి అవే పాలు. మరి తేడా ఎక్కడుంది?

శ్రావణ శుద్ధ చతుర్దశి

తేడా దొరికింది. దొరక్కపోయినా బాగుండుననిపించింది.

పొద్దున అత్తయ్య వసారాలో కూర్చుని కుండల్లో పాలు తోడు పెడుతోంది. పక్క పంటు కోడలు గిన్నె పట్టుకుని వచ్చి, "పిన్నిగారూ, కాస్త తోడుంటే పెడతారా? మేం సొంతంగా వేసిన తోడు మళ్ళీ నీళ్ళయిపోయింది" అంది. అత్తయ్య గర్వంగా గరిటెడు పెరుగు వేసింది. ఆ పిల్ల వెళ్ళిందో లేదో ఇంకొకావిడ. ఇది రోజూ చూసేదే. ఊరంతా మా ఇంటి తోడే. కొత్త కాపురం పెట్టిన వాళ్ళకు మొదటి కుండ అత్తయ్యే తోడు పెట్టి ఇస్తుంది. తోడు తీసుకోని ఇల్లు ఒక్కటే ఉంది. ఆరేళ్ళ కిందట మా గేదె మస్తాన్‌గారి సొరపాదు మేసిందని ఆయన భార్య గౌసియాబీ రెండు మాటలంటే, అత్తయ్య నాలుగంది. ఆనాటి నుంచీ వాళ్ళు మా గడప తొక్కలేదు.

నేను పీట లాక్కుని అత్తయ్య పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యా, మిగతావాళ్ళ పెరుగు నీళ్ళెందుకవుతుంది? నీదెందుకవదు?"

"చెయ్యి వాటమే. గేదెలకి పొదుగువాపొచ్చి పుట్టమన్ను మెత్తుతున్నామా, ఆ పాలు మొండి పాలు. ఎవరి తోడుకీ లొంగవు. నా తోడేసి చూడు, కత్తితో కొయ్యాలి."

పసుపుమందును పడుకోబెట్టినప్పుడు గేదెల పొదుగువాపుకు ఇంకేదో ఒకటి కావలసివచ్చింది. గట్టు నుంచి పుట్టమన్ను బస్తాల్లో తెప్పించి పూయడం మొదలుపెట్టారు. మందు కాదు, మట్టే కదా అని అందరూ సరేనన్నారు. గేదెలకు తగ్గింది కూడా. ఎందుకు తగ్గుతోందని పదహారేళ్ళలో ఒక్కరమూ అడగలేదు.

పసుపుమందు పుట్టిందే మట్టిలో. మట్టిలో బతికే ఒక జాతి బ్యాక్టీరియా ఇరుగుపొరుగును చంపడానికి చేసుకునే విషం అది. తన విషానికి తానే చావకుండా డాలు కూడా తనే తయారుచేసుకుంటుంది. కొట్టులో ఉన్న పుట్టమన్ను చిటికెడు తీసి మస్తాన్‌గారి ఇంటి బ్యాక్టీరియా కొత్తగా పూసిన పళ్ళెం మీద పెట్టాను. సాయంత్రానికే దాని చుట్టూ ఖాళీ కనపడసాగింది. మేము పెట్టెకు మూడు తాళాలేసి కాపలా కాస్తున్న మందు బస్తాలకెక్కి వచ్చి పొదుగుల మీద కూర్చుంది. కత్తీ డాలూ కలిసే వచ్చాయి.

విషం పాలల్లోకి దిగింది. మామూలు తోడు ఆ పాలల్లో చచ్చింది. వేల వేల బ్యాక్టీరియాల్లో ఎక్కడో ఒకదానికి మట్టిలోని డాలు చిక్కి ఉంటుంది. అది బతికి పిల్లల్ని పెట్టింది, పక్కవాటికి ఉంగరాలు పంచింది. పేడచేతుల నుంచి పాలల్లో పడిన పేగు బ్యాక్టీరియా కూడా అందుకుంది. ఏ కుండ బాగా తోడుకుందో ఆ కుండ తోడునే ఊరు కోరి కోరి తీసుకెళ్ళింది. పదహారేళ్ళు ఊరి ఆడవాళ్ళంతా కలిసి, తెలియకుండా, ఉంగరమున్నవాటినే ఏరి ఏరి పెంచారు. తోడు ఇంటింటికీ పోయినట్టే ఉంగరం కడుపు కడుపుకూ పోయింది.

ఇదంతా అత్తయ్యకు ఎలా చెప్పాలి?

శ్రావణ పౌర్ణమి

మేలుకొలుపు జరగలేదు. డప్పులు దించేశారు. దాని బదులు పెద్ద పంటు మీద ఊరు కూడింది. నేను చెప్పవలసింది చెప్పాను. ప్రతి ఇంటి తోడూ ఒకే పూట పోవాలి, కుండలు మరిగే నీళ్ళలో ముంచాలి, పుట్టమన్ను బస్తాలు మూటగట్టి మందుల గదికి తేవాలి. కాలవలో పారబోస్తే కుదరదు, ఉంగరాలు నీళ్ళల్లో చేరి మళ్ళీ మొదటికొస్తాం. చేపలు ఉడకబెట్టే బానలో మరిగించాలి.

అందరూ అత్తయ్య వైపు చూశారు. అత్తయ్య లేచింది.

"నా తోడు నా కూతుర్ని చంపుతోందంటావా?"

"అత్తయ్యా, నేను అట్టా..."

"అట్టాగే అన్నావు. ఊరంతా విన్నది. ఇది మా అమ్మిచ్చిన తోడు. మన పాత ఊరు మునిగిన రోజున నగలపెట్టె వదిలేసి ఈ ముంత రొమ్ముకి హత్తుకుని పడవెక్కానే! మీ మామయ్య నీళ్ళల్లో పోయాడు. మా అమ్మ పోయింది. నాకు మిగిలింది ఇదొక్కటే. దీన్ని బానలో ఉడకేస్తావా నువ్వు?"

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊరి ముందు ఏడవడం నాకిష్టం లేదు, అయినా తిరిగాయి. ఆమె విసవిసా ఇంటికి నడిచింది. వెనకాలే పరిగెత్తాను. వసారాలో కుండల వరస ముందు నిలబడి ఒక్కొక్కదాన్ని చూపిస్తూ అరుస్తోంది.

"ఇది నన్ను మోసం చేసిందా? ఇది చేసిందా? ఇది? ఆ మూల దిక్కుమాలిన కుండ తప్ప ఏదీ ఏనాడూ నన్ను..."

"ఆగత్తయ్యా. ఆ మూల కుండేం చేసింది?"

"ఏం చేస్తుందీ, అలుగుతుంది. అదే పాలు, అదే తోడు. ఆ చోట పెడితే చాలు, రెండ్రోజులకి నీళ్ళు. కుండ మార్చినా అంతే. ఎవరి దిష్టో అని ఎండుమిరపకాయలు కూడా తిప్పా."

ఆ మూల పక్కనే గేదెల కొట్టం కడిగిన నీళ్ళు పోయే కాలవ. చిమ్మినప్పుడల్లా కుండ మీద తుంపర పడుతుంది. ఆ కాలవలో పదహారేళ్ళుగా ఉంగరమున్న బ్యాక్టీరియా కోట్లకు కోట్లు కొట్టుకుపోతోంది. అంత తిండి ఒక్కచోట ఉంటే తినేది రాకుండా ఉంటుందా? బ్యాక్టీరియాకూ రోగాలొస్తాయి. వాటిని పట్టి తినే వైరస్‌లున్నాయి, మనిషి జోలికి రావు. ఆ మూలలో ఉంగరమున్న తోడును ఏదో తింటోంది.

నేను అత్తయ్యను కావిలించుకుని చెంపల మీద ముద్దులు పెట్టేశాను. ఆమె బిత్తరపోయి, "దీనికి మతి పోయింది" అంది.

శ్రావణ బహుళ విదియ

రత్నావళి మాట తడబడుతోంది. బిడ్డ పేరు పెట్టి పిలవబోయి నా పేరు పిలిచింది. గ్రేసుమణి డాక్టరుగారు రేడియోలో పూట పూటకూ అడుగుతున్నారు. ఆమెను అన్న మాటలన్నీ మనసులోనే వెనక్కి తీసుకున్నాను.

కాలవ నీళ్ళు వడకట్టాను. బ్యాక్టీరియా దాటలేనంత సన్నని వడపోత, వైరస్ మాత్రం దాటుతుంది. రత్నావళి బ్యాక్టీరియా పూసిన పళ్ళెం మీద ఒక చుక్క వేశాను. పొద్దునకు చుక్క పడిన చోట మసక తొలగి తేటబడింది. పూర్తిగా కాదు, అక్కడక్కడా కొన్ని మిగిలాయి. మిగిలినవాటిని తీసి మళ్ళీ పెంచి పసుపుమందు బిళ్ళ పెట్టాను.

చుట్టూ ఖాళీ. అరచేతంత ఖాళీ!

ఈ వైరస్ లోపలికి దిగేది ఆ గొట్టం పట్టుకుని. పక్కదానికి ఉంగరం ఇవ్వడానికి చాపే గొట్టమే దానికి తలుపు. ఉంగరమున్నది గొట్టం చాపుతుంది, వైరస్‌కు చిక్కి చస్తుంది. ఉంగరం పారేసుకున్నదానికి గొట్టం ఉండదు కాబట్టి బతికిపోతుంది. కానీ ఉంగరంతో పాటు డాలూ పోయింది, పసుపుమందు దాన్ని చంపుతుంది. ఉంచుకున్నా చావే, పారేసుకున్నా చావే. ఇన్నాళ్ళూ మమ్మల్ని ఓడించిన ఎంపికే ఇప్పుడు మా వైపు తిరిగింది.

డాక్టరుగారికి చెబితే రేడియోలోనే చప్పట్లు కొట్టారు. వెంటనే డాక్టరు గొంతు తెచ్చుకుని, ఉంగరం ఉంచుకుని గొట్టం మాత్రం పోగొట్టుకున్నవి కూడా ఎక్కడో పుడతాయి జాగ్రత్త అన్నారు. పుడతాయి. కానీ గొట్టం లేకపోతే ఉంగరాన్ని పక్కదానికి ఇవ్వలేవు. పంచుకోలేని దొంగలు కొద్దిమందే మిగిలితే ఒళ్ళే వాళ్ళ సంగతి చూసుకుంటుంది.

రత్నావళికి తెలివి ఉన్న గడియ చూసి అడిగాను. ఆమె ఒళ్ళు, ఆమె ఒప్పుకోవాలి.

"గేదెల కాలవ నీళ్ళా నా నరంలోకి?" అంది.

"నీళ్ళు కాదే, అందులోంచి తీసింది. ఏడుసార్లు వడకట్టి శుభ్రం చేశా. ముందు నా చేతికే ఎక్కించుకున్నా. చూడు, ఏమీ కాలేదు."

"నీకేమవుతుంది వదినా, నీ నోటికి వైరస్సే భయపడుద్ది." నవ్వబోయి దగ్గింది. తర్వాత బిడ్డ వైపు చూసి, "ఎక్కించు" అంది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి వింటోంది. "నాంచారూ, ఇది నయమై లేచాక నా కుండలో పెరుగు తింటే ఆ ఉంగరం మళ్ళీ దీని కడుపులోకి పోద్దా?"

"పోతుంది అత్తయ్యా."

ఆమె కుండలన్నీ ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని పెద్ద పంటు మీది బాన దగ్గరికి తనే మోసుకుపోయింది. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. చిన్న ముంత చివరన తెచ్చింది. దాన్ని వంచేటప్పుడు "అమ్మా" అంది. ఆమె వంచాక ఊరంతా వరసకట్టి వంచింది.

శ్రావణ బహుళ పంచమి

వైరస్ ఎక్కించిన మర్నాటి నుంచి పసుపుమందు మొదలుపెట్టాను. పదహారేళ్ళ తర్వాత ఆ మందు నిద్ర లేచింది. డప్పుల్లేవు, పాయసం లేదు. నేనూ అత్తయ్యా పక్కన కూర్చుని రత్నావళి నుదుటి మీంచి చెయ్యి తీస్తే ఒట్టు.

నిన్నంతా చెమటలు. దుప్పట్లు మార్చీ మార్చీ ఇంట్లో దుప్పట్లయిపోయాయి. ఇవాళ పొద్దున నేను కునుకు తీస్తుంటే ఎవరో నా జడ లాగారు.

"వదినా, గురక ఆపు. బిడ్డ లేస్తుంది."

ఒళ్ళు చల్లగా ఉంది. కళ్ళు తేటగా ఉన్నాయి. నేను భోరున ఏడ్చేశాను. నా గురక కన్నా నా ఏడుపే ఎక్కువైందని బిడ్డ లేచి తనూ అందుకుంది.

శ్రావణ బహుళ దశమి

రత్నావళి మూత్రం పళ్ళెంలో ఇప్పుడు పెరిగేదేమీ లేదు. వీరన్నతో సహా ఊళ్ళో అందరికీ వడకట్టిన వైరస్ నీళ్ళు తలా గుక్కెడు తాగించాను. పేగుల్లో ఉంగరాలు ఇంకా ఉన్నాయి, కానీ తగ్గుతున్నాయి. పుట్టమన్ను ఆగింది, తోడు పోయింది, గొట్టం చాపితే చావు. మోసేవి వెనకబడుతున్నాయి. గేదెల పొదుగులకు ఇప్పుడు వేడినీళ్ళ కాపడం, పూటకు నాలుగుసార్లు పితకడం. నా చేతులు వాచాయి గానీ గేదెలు బాగున్నాయి.

రత్నావళికి ఆకలి పుట్టింది. మొదట అడిగింది పెరుగన్నం. మా ఇంట్లో పెరుగు లేని రోజులు ఆ పిల్ల పుట్టాక ఇవే. అత్తయ్య కాచి చల్లార్చిన పాలల్లో పచ్చిమిరప తొడిమలు వేసి కొత్త తోడు పుట్టించాలని చూస్తోంది. రెండుసార్లు విరిగింది. గౌసియాబీ ఇంట్లో మాత్రం తోడుకుందని పిల్లలు వార్త తెచ్చారు.

"నువ్వెళ్ళి అడుగు" అంది అత్తయ్య నాతో.

"నాకు పెరుగు అక్కర్లేదత్తయ్యా. కావలసింది నీ కూతురికి."

గొణుక్కుంటూ గిన్నె పట్టుకుని తనే వెళ్ళింది. అక్కడేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చేటప్పుడు గిన్నె నిండా పెరుగు, కొంగులో సొరకాయ ఉన్నాయి. రత్నావళి ముట్టుకోబోతే నేను గిన్నె లాక్కున్నాను. ఇకమీదట ఏ తోడైనా మందుల గదిలో పరీక్షయ్యాకే గడప దాటాలని కొత్త కట్టుబాటు. రేపటిదాకా ఆగాలంటే తల్లీకూతుళ్ళిద్దరూ నన్ను కలిసి తిట్టారు.

శ్రావణ బహుళ త్రయోదశి

గట్టు నుంచి కబురు. వార్డులో ఇద్దరు బాలింతలకు ఐదు మందులూ పనిచేయడం లేదు. అక్కడ కూడా పుట్టమన్నే, అక్కడ కూడా ఇరుగుపొరుగు తోడే. మా కాలవ వైరస్ సీసాడు పంపమని గ్రేసుమణి డాక్టరుగారు అడిగారు. మొదటిసారి ఆమె గొంతులో బతిమాలడం విన్నాను. మా పిల్లను రానివ్వని గట్టుకు మేమెందుకు పంపాలి అని ఊళ్ళో ఒకరిద్దరు అన్నారు. వాళ్ళకు నేను చెప్పవలసినట్టు చెప్పాను.

సీసా సిద్ధం చేశాను. పడవవాళ్ళ చేతికివ్వబోతుంటే అత్తయ్య చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

"సీసా పంపితే సరిపోద్దా? అక్కడాళ్ళు తోడు పారబోయొద్దూ?"

"డాక్టరుగారు చెబుతారత్తయ్యా."

"డాక్టరు చెబితే ఎవతి పారబోస్తుంది? నువ్వు చెబితే నేను పారబోశానా? నేనే చెబుతా. నా కూతురి కథ చెబుతా. ఏ ముంత పారబోశానో చెబుతా. అప్పుడు వింటారు."

ఊరు మునిగిన తర్వాత ఆమె ఒక్కసారి కూడా గట్టు తొక్కలేదు. నీళ్ళను చూస్తేనే మొహం తిప్పుకునే మనిషి. సీసా ఒళ్ళో పెట్టుకుని పడవ మధ్యలో బిగుసుకుని కూర్చుంది. వెనక నుంచి అడుగుల చప్పుడైతే చూశాను. రత్నావళి బిడ్డనెత్తుకుని, మెల్లిగా, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పంటు అంచు దాకా నడిచి వచ్చింది.

"ఎండలో నిలబడకే! లోపలికి పో!" అని పడవలోంచి అరిచింది అత్తయ్య.

రత్నావళి వెళ్ళలేదు. పడవ కనపడినంతసేపూ తల్లికి చెయ్యి ఊపుతూ, తన కాళ్ళ మీద తను అక్కడే నిలబడి ఉంది.